గవ్వల దొర ఆఖరి నంబరు

మనవాళ్లు పుస్తకాన్ని ప్రేమించే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొన్న రోజే మొదటి పేజీ మీద బాల్‌పెన్నుతో పేరు, క్లాసు, సెక్షను రాస్తారు. దసరాకి సరస్వతీ పూజలో పెట్టి అట్ట మీద పసుపు కుంకుమల బొట్టు పెడతారు. అదీ చాలక బైండింగ్ షాపుకిచ్చి, అంచులు కోయించి, దారంతో కుట్టించి, "భద్రంగా దాచామండీ" అంటూ నా దగ్గరకు తెస్తారు. అంత భద్రంగా దాచిన పుస్తకానికి పదికి రెండు మార్కులు వేస్తే మొహం మాడ్చుకుంటారు.

నా పేరు సుస్మిత. పటమటలో మా ఇంటి కింది వాటాలో పాత తెలుగు కామిక్ పుస్తకాలు కొంటాను, గ్రేడు వేస్తాను, అమ్ముతాను. కంకిపాడులో ఎరువుల కొట్టు నడిపే మా నాన్న, నా వ్యాపారం గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఏదో కంప్యూటర్ పనండీ అని మాట మార్చేస్తాడు. గ్రేడు వేయడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఓపిక, కాస్త నిర్దయ ఉంటే చాలు. పుస్తకం వీపు మీద మడతలు పడ్డాయా, పిన్నులు తుప్పు పట్టాయా, మూలలు నలిగాయా, కాగితం ఎంత పసుపెక్కింది, వాసనేమైనా వస్తోందా, ఇవన్నీ చూసి పదికి ఇంత అని వేస్తాను. మంచి ప్రతి అయితే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, అంచులు మిషను మీద అతికించి, పైన నా చీటీ అంటిస్తాను. ఇక దాన్ని విప్పకూడదు. విప్పితే గ్రేడు పోతుంది, గ్రేడుతో పాటు ధరా పోతుంది. కొన్నవాళ్లు అట్ట చూసుకుని మురిసిపోవాలే గానీ లోపల చదవడమనే ప్రసక్తి లేదు. చదవని పుస్తకం ఎందుకమ్మా అని అడిగేవాళ్లను నేను షాపులో ఎక్కువసేపు కూర్చోనివ్వను.

నాగులును మొదటిరోజు గుమ్మం దగ్గరే ఆపేయడానికి మాత్రం కారణం వేరు. అతను పుస్తకాలను చేపలకు ఐసు వేసి పంపే థర్మోకోల్ పెట్టెలో తెచ్చాడు. మూత తీయగానే షాపంతా ఎండురొయ్యల వాసన. తేమ తగలదు, ఎండ తగలదు, చీమ దూరదు, ఇంతకంటే మంచి పెట్టె మీకెక్కడ దొరుకుతుంది అని అతని వాదన. అతనిది బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఒక ఊరు. పడవల మీద బతికిన కుటుంబం. ఇప్పుడు పామర్రులో ఉంటూ చెరువుల దగ్గర రొయ్యలు కొని ఎగుమతి కంపెనీలకు తోలతాడు. నలభై దాటిన మనిషి, నున్నగా దువ్విన తల, ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండే మొహం.

పెట్టెలో 'గవ్వల దొర' ఒకటో నంబరు నుంచి ఇరవై మూడు దాకా వరస తప్పకుండా ఉన్నాయి. నేను ముక్కు మూసుకుని చూసి, వాసన కారణంగా దేనికీ రెండుకు మించి వేయలేనని కొంచెం కటువుగానే చెప్పాను. అతను ఏమీ అనుకోలేదు.

"మాకూ కౌంటుందండి. కిలోకి ముప్పై తూగితే మంచి రేటు, డెబ్భై తూగితే తక్కువ రేటు. అంతమాత్రాన రొయ్యకి కోపమొస్తదా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. కుర్చీ చూపించాను.

గవ్వల దొర గురించి ఇప్పటి పిల్లలకు తెలియదు. తొంభైల మొదట్లో బెజవాడలో ఒక చిన్న ప్రెస్సు నెలకొకటి చొప్పున వేసిన బొమ్మల పుస్తకం అది. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన రాజకుమారుణ్ణి పడవ నడిపే సరంగు తాత పెంచుతాడు. ఆ పిల్లాడు మెళ్లో గవ్వల దండ వేసుకుని, పెద్ద తాబేలును వెంటేసుకుని దీవులన్నీ తిరుగుతుంటాడు. ఇరవై మూడో నంబరు చివరి బొమ్మలో సరంగు తాత పడవతో సహా సుడిగుండంలో మునిగిపోతాడు. తరువాయి వచ్చే నెల అని ఉంటుంది. ఆ వచ్చే నెల పుస్తకమే ఆఖరిది. అది ఏవో కొన్ని ప్రతులు అచ్చయ్యేసరికి ప్రెస్సు మూతపడింది. చాలా ఊళ్లకు అది చేరనే లేదు. ఇన్నేళ్ల వ్యాపారంలో నేనే దాని అట్ట చూడలేదు.

నాగులుకు కావలసింది సరిగ్గా ఆ ఇరవై నాలుగో నంబరు. ఎందుకని అడిగితే వాళ్లక్క గంగారత్నం గురించి చెప్పాడు. అమ్మ పొద్దున్నే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోతే అతన్ని ఎత్తుకుని తిప్పింది అక్కేనట. బందరు బస్టాండు బడ్డీలో ప్రతి నెలా గవ్వల దొర కొనుక్కొచ్చి, బొమ్మలు చూపిస్తూ చదివి వినిపించేదట. అతనికి తొమ్మిదేళ్లప్పుడు ఆటలమ్మ పోసింది. బాగా ముదిరి, ఊపిరి కూడా కష్టమైపోయింది. చీకటి గదిలో వేపమండల మీద పడుకోబెట్టి, గుమ్మానికి పాత చీర కట్టారు. అక్క ఆ గుమ్మం బయట కూర్చుని ఆఖరి నంబరు చదివిందట. మూసిన కళ్లతోనే తాత బతికి రావడం విన్నాడట. ఒళ్లు చల్లబడి నీళ్లు పోశాక, అమ్మవారి గదిలో వాడినవేవీ ఇంట్లో ఉంచకూడదు గనక, వాళ్లమ్మ చాపతో, వేపమండలతో పాటు పక్కనున్న పుస్తకాన్ని కూడా కాలవలో వదిలేసింది.

"నా మూలాన అక్క పుస్తకం కాలవ పాలైందండి. దొరికితే ఒక్క ఫోన్ కొట్టండి, ఎంతైనా సరే," అన్నాడు.

ఎంతైనా సరే అనే మాట నా ముందు అనకూడదని కూడా తెలియని మనిషి. ఆ తర్వాత అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. ముందు నా ఆరోగ్యం, మా నాన్న ఆరోగ్యం అడిగి, చివర్లో పుస్తకం గురించి "మన పెద్దమనిషి బండి దిగాడా?" అనేవాడు. ఇంకా లేదండీ అంటే, తొందరేముంది దిగుతాడులెండి అని నన్నే ఓదార్చేవాడు.

పెద్దమనిషి ఈ వేసవిలో దిగాడు. గవర్నర్‌పేటలో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే, అటక మీది కాగితాలు తూకానికి పోతున్నాయని తెలిసి పరుగెత్తాను. ఆ ప్రెస్సులో పనిచేసిన ప్రూఫ్‌రీడరు ఇల్లట అది. పంచాంగాల కట్టల మధ్య, ఎవరూ తెరవని ఇరవై నాలుగో నంబరు దొరికింది. పేరు లేదు, బొట్టు లేదు, మడత లేదు. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో, నా పెళ్లిలో కూడా అంత కొట్టుకోలేదు. తొమ్మిదిన్నర వేశాను. నేను అంత వేయడం అదే మొదటిసారి.

గ్రేడు వేయాలంటే ప్రతి పేజీ చూడాలి గనక కథ కూడా చదివాను. సరంగు తాత బతకడు. సుడిగుండంలోంచి పడవను గట్టుకు తోసేసి, తను మునిగిపోతాడు. చివరి బొమ్మలో నీళ్ల మీద అతని తలపాగా ఒక్కటే తేలుతుంటుంది. గవ్వల దొర మెళ్లోని దండ తీసి నీళ్లలో వదులుతాడు. పిల్లల పుస్తకానికి ఇంత బరువు ముగింపు ఎందుకు పెట్టారో అనుకున్నాను. వెంటనే నాగులు చెప్పినది గుర్తొచ్చింది. తాత బతికి వచ్చాడని విన్నానన్నాడు కదా. జ్వరంలో పిల్లాడు, ఏం విన్నాడో ఏమిటో అనుకుని, పుస్తకాన్ని పెట్టెలో పెట్టి అంచులు అతికించేశాను.

నాగులుకు ఫోన్ చేశాను. పామర్రులో ఇల్లు కట్టానని, వచ్చే వారమే గృహప్రవేశమని, ఆడపడుచుకు చీర పెట్టే పళ్లెంలో ఈ పుస్తకం పెట్టి అక్కకు ఇస్తానని చెప్పాడు. అక్కకు ముందుగా తెలియకూడదన్నాడు. మర్నాడు హైదరాబాదు నుంచి పాత కామిక్స్ సేకరించే బాబీ ఫోన్ చేసి, నాగులు ఇచ్చేదానికి రెట్టింపు ఇస్తానన్నాడు. ఆ డబ్బు నాకు చేదేమీ కాదు. కానీ మాట ఇచ్చేశాను కదా, అమ్మడం కుదరదని చెప్పేశాను. ఇంకొకరు ఎక్కువకు అడిగారని నాగులు చెవిన మాత్రం వేశాను.

రెండు రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం షాపు గుమ్మంలో ఒకావిడ నిలబడింది. చెమటకు తడిసిన నేతచీర, చేతిలో గుడ్డసంచీ. బందరు బస్సు దిగి, దారి అడుక్కుంటూ నడిచి వచ్చిందట. మంచినీళ్లు ఇస్తే తాగి, కుర్చీ అంచున కూర్చుని, నాగులు అక్కనమ్మా అంది.

అక్కకు తెలియకూడదని నాగులు అన్నాడే గానీ అతని భార్య ఉషకు కడుపులో మాట దాగదట. పళ్లెంలో చీరతో పాటు ఏం పెడుతున్నామో ఫోన్లో ఊరించి ఊరించి చివరికి చెప్పేసింది. గంగారత్నం పుస్తకం ఒకసారి చూపించమంది. ప్లాస్టిక్ పెట్టెను ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, అట్ట మీది బొమ్మను వేలితో తడిమింది. చిన్నప్పటిది గుర్తొచ్చిందా అని అడిగాను.

"నేను దీన్ని చూడటం ఇదే మొదలమ్మా," అంది.

అప్పుడు మొత్తం చెప్పింది. ఆ నెల బస్టాండు బడ్డీకి ఇరవై నాలుగో నంబరు రాలేదు. రోజూ వెళ్లి అడిగింది, రోజూ లేదనే అన్నాడు. ఇంట్లో తమ్ముడు అన్నం మానేశాడు, గంజి మానేశాడు. స్పృహ వచ్చినప్పుడల్లా తాత ఏమయ్యాడక్కా అని అదే ప్రశ్న. ఆ రాత్రి గడవడం కష్టమని పెద్దవాళ్లు గుసగుసలాడుకోవడం ఈమె చెవిన పడింది. వెంటనే పాత నంబరు ఒకటి చేతిలో పట్టుకుని, గుమ్మానికి కట్టిన చీర ఇవతల కూర్చుని, కొత్త పుస్తకం వచ్చిందిరా అని మొదలుపెట్టింది. మనసుకు తోచింది కల్పించుకుంటూ, చదువుతున్నట్టు చెప్పుకుపోయింది.

"తాత పోతే వీడూ పోతాడేమోనని భయమేసిందమ్మా. పద్నాలుగేళ్లదాన్ని, నాకేం తెల్సు? అందుకే తాతని బతికించేశా."

పిల్లాడు లేచి తిరిగాక పుస్తకం చూపించమన్నాడు. అమ్మ కాలవలో వదిలేసిందని చెప్పింది. పోనీ మళ్లీ చెప్పమన్నాడు. పుస్తకం లేకుండా ఎలా చెప్తాన్రా అని తప్పించుకుంది. ఒకసారి చెప్పినట్టు రెండోసారి చెప్పలేకపోతే దొరికిపోతానని భయం. ఆ తర్వాత ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాడట. ఆమె పెళ్లయి వెళ్తున్నప్పుడు కూడా అడిగాడట. ప్రతిసారీ అదే జవాబు.

ఇదంతా చెప్పి, ఈ పుస్తకంలో తాత బతికాడా అని నన్ను అడిగింది. బతికాడని అనేయవచ్చు. కానీ ఉన్న లోపం ఉన్నట్టు చెప్పడమే నా వృత్తి. నోరు వేరేగా తిరగలేదు. లేదండీ అన్నాను.

ఆమె పెట్టెను బల్ల మీద పెట్టేసి, అయితే వాడికి ఇవ్వమాకమ్మా అంది. ఇంకెవరో ఎక్కువకి అడుగుతున్నారని ఉష చెప్పింది, వాళ్లకిచ్చెయ్ అంది. నాకు విసుగొచ్చింది. చిన్నపిల్ల ఆడిన చిన్న అబద్ధం, అదీ ప్రాణం మీదికొచ్చినప్పుడు. ఇప్పుడు తెలిస్తే నవ్వుకుంటాడే గానీ, టన్నులకొద్దీ రొయ్యలు తోలే మనిషి బొమ్మల తాత కోసం ఏడుస్తాడా అని గట్టిగానే అన్నాను.

"నన్ను ఏదో అంటాడని కాదమ్మా. వాడికి ఆ తాత బతికే ఉన్నాడు. పిల్లలకి చెప్పుకుంటాడు, పనోళ్లకి చెప్పుకుంటాడు, మా అక్క చదివిందంటాడు. ఇన్నేళ్లకి నా చేత్తో నేనే చంపినట్టు అవదా?"

ఆమె కళ్లు తుడుచుకోలేదు, ఏడవనూ లేదు. బల్ల మీది పుస్తకాన్ని చూస్తూ కూర్చుంది. నా పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పుస్తకం ఇవ్వనంటే, ఇన్నాళ్లు ఎదురుచూసిన ఆ నవ్వుమొహానికి ఏం చెప్పాలి? ఇస్తే ఈమె సంగతేమిటి? ఆలోచిస్తూ ఆలోచిస్తూ పెట్టె అంచు మీద గోరుతో కొట్టాను. టకటకమని చప్పుడైంది. వెంటనే నాకే సిగ్గేసింది, ఇంత తేలిక సంగతి ఇంతసేపు తట్టనందుకు.

సీలు వేసిన పుస్తకాన్ని ఎవరూ తెరవరు అని ఆమెకు చెప్పాను. తెరిస్తే విలువ పోతుందని, ఇంత ధర పెట్టి కొన్నవాడు అద్దాల బీరువాలో పెట్టుకుని చూసుకుంటాడే తప్ప పేజీ తిప్పడని నచ్చజెప్పాను. గంగారత్నం పెట్టెను మళ్లీ తీసుకుని, అంచుల్లోకి గోరు దూర్చి చూసింది.

"ఇది ఊడదుగా?"

"పగలగొడితే తప్ప ఊడదండి."

ఆమె మొహంలోకి రక్తం వచ్చింది. నా సీలును అంతగా మెచ్చుకున్న మనిషి ఇంకొకరు లేరు. సంచీలోంచి ఎండు చందువా చేపల పొట్లం తీసి నా బల్ల మీద పెట్టి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. షాపులో ఆ వాసన చాలా రోజులు ఉంది.

గృహప్రవేశం రెండు రోజులుందనగా నాగులు వచ్చాడు. పెట్టెను రెండు చేతులా పట్టుకుని వెలుతురులోకి తీసుకెళ్లి చూశాడు. తొమ్మిదిన్నర అంటే మా లెక్కలో ఇరవై కౌంటు కదండీ అని మురిసిపోయాడు. ఆ తర్వాత అతను అడిగిన మొదటి ప్రశ్న, దీన్ని ఎలా విప్పాలి అని.

విప్పితే ఏమవుతుందో చెప్పాను. గ్రేడంటే ఏమిటో, గాలి తగిలితే కాగితం ఏమవుతుందో, బాబీ ఎంత ఇస్తానన్నాడో కూడా చెప్పాను. ఎప్పుడూ లేనంత తీయగా, ఓపికగా చెప్పాను. అతను అంతా విని, తలూపి, "చదవని పుస్తకం అక్కకెందుకండీ?" అన్నాడు.

ఇంకెవరైనా ఆ మాట అంటే షాపులోంచి పంపించేసేదాన్ని. పైగా అతను, అక్క చేతే విప్పిస్తానని, అందరి ముందూ ఆమె చేతే చదివిస్తానని చెప్పాడు. ఇక ఉండబట్టలేక, చిన్నప్పుడు విన్నదీ పుస్తకంలో ఉన్నదీ ఒక్కోసారి ఒకలా ఉండకపోవచ్చు నాగులు గారూ అని నసిగాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"కథ మీరు చెప్పకండి మేడమ్. నేను అక్క నోటే వినాలి."

అతను వెళ్లాక నన్ను నేనే తిట్టుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అమ్మితే అమ్మాలి, లేకపోతే ఊరుకోవాలి. అయినా ఊరుకోలేక గంగారత్నానికి ఫోన్ చేశాను. వెనక చేపల వేలంపాట గోల వినిపిస్తోంది. నాగులు అన్నదంతా చెప్పాను.

"వాడడిగితే నేను కాదనలేనమ్మా. నువ్వు కూడా రా. దగ్గరుండు," అంది.

వెళ్లాను. వరిచేల మధ్య కొత్త కాలనీలో లేత నీలం రంగు ఇల్లు. గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు, బయట షామియానా, కుర్చీలు. ఉష ఎదురొచ్చి బొట్టు పెట్టి, మీ గురించే చెప్పుకుంటున్నామండీ అంది. సత్యనారాయణ వ్రతం ముగిసేదాకా గంగారత్నం నా వంక చూడలేదు. వంటవాళ్ల దగ్గరికి వెళ్తుంది, అక్షింతలు సర్దుతుంది, ఎవరి పిల్లనో ఎత్తుకుంటుంది. ఒకచోట నిలబడితే ఏమవుతుందోనన్నట్టు తిరుగుతూనే ఉంది.

వ్రతం అయ్యాక నాగులు అక్కను పడకగది గుమ్మం పక్కన పీట మీద కూర్చోబెట్టాడు. ఉష కాళ్లకు పసుపు రాసి, పళ్లెం చేతికిచ్చింది. పట్టుచీర, రవికె గుడ్డ, అరటిపళ్లు, తమలపాకులు, అన్నిటి మీదా ప్లాస్టిక్ పెట్టెలో గవ్వల దొర. అదేంటి ఫోటో ఫ్రేమా అని ఎవరో అడిగారు. మా అక్క పుస్తకం అన్నాడు నాగులు. వంటింట్లోంచి కత్తి తెప్పించబోతే, శుభమా అని పసుపు కుంకుమలిచ్చే చోట కత్తేంట్రా అని ఒక పెద్దాయన కసిరాడు. నాగులు నవ్వి పెట్టెను నా చేతికిచ్చాడు. మీరేసిన సీలు, మీరే తియ్యండి మేడమ్ అన్నాడు.

నా సీళ్లు ఎక్కడ బలహీనమో నాకు తెలుసు. మూల దగ్గర రెండు బొటనవేళ్లు పెట్టి నొక్కాను. ఫెళ్లుమంది. తొమ్మిదిన్నర అని రాసిన చీటీ అడ్డంగా చిరిగింది. పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాను.

అంతలో వడ్డన మొదలైందని కేక వినపడింది. బంధువులంతా బిలబిలమంటూ బయటికి కదిలారు. పప్పు, పులిహోర చల్లారిపోతుంటే ఒకావిడ బొమ్మల పుస్తకం చదవడం చూస్తూ ఎవరు నిలబడతారు? ఉష కూడా వాళ్ల వెనకే వెళ్లింది. నాగులు అక్క ఎదురుగా కూర్చుంటాడనుకున్నాను. అతను పడకగదిలోకి వెళ్లి, తలుపు కర్టెన్ లాగేసి, లోపల గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు ఇద్దరూ కనిపిస్తున్నారు. వాళ్లకు ఒకరికొకరు కనిపించరు. అతను కళ్లు మూసుకున్నాడు.

"చదువక్కా," అన్నాడు.

గంగారత్నం చదవడం మొదలుపెట్టింది. మొదట్లో కూడబలుక్కుంటూ, తర్వాత గొంతు మార్చి, తాబేలుకు ఒక గొంతు, దొరకు ఒక గొంతు పెడుతూ చదివింది. సుడిగుండం వచ్చింది. పడవ గట్టెక్కింది. తలపాగా తేలుతున్న పేజీ వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

బయట వడ్డించేవాళ్లు అరుచుకుంటున్నారు. ఏదో ఒకటి చదివెయ్ తల్లీ, అతను చూడటం లేదు, నీ కథే చదివెయ్ అని నేను మనసులో మొక్కుతున్నాను. ఆమె పెదాలు కదిలాయి. కానీ అచ్చులో ఉన్నది ఎదురుగా కనిపిస్తుంటే నోటికి వేరేమాట రాలేదనుకుంటా. పుస్తకం ఒళ్లో పెట్టుకుంది.

"నాగులూ, నేను అప్పుడు చెప్పినట్టు ఇందులో లేదురా," అంది.

"తెల్సక్కా."

కర్టెన్ వైపు తిరిగి చూసింది గంగారత్నం. నేనూ అతని వంకే చూశాను. కళ్లు తెరవలేదు. మొహంలో ఆశ్చర్యం లేదు, బాధ లేదు.

"ఎప్పట్నించిరా?"

"అప్పట్నించే. అందులో నా పేరు చదివావుగా. అచ్చేసిన పుస్తకంలో నా పేరు ఎవరేస్తారక్కా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరి ఇన్నేళ్లూ దీనికోసం ఎందుకు తిరిగావురా పిచ్చోడా అని అడిగింది.

"పుస్తకం లేకుండా ఎలా చెప్తాన్రా అనేదానివి. తెచ్చాను కదా. ఇప్పుడు చెప్పు."

నాకు ఏడుపొచ్చేసింది. ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోలేదు. గంగారత్నం కళ్లు ఒత్తుకుని, ముక్కు చీదుకుని, పుస్తకం మళ్లీ తెరిచి తలపాగా బొమ్మ మీద చెయ్యి పెట్టుకుంది. గొంతు సవరించుకుంది. ఇన్నేళ్లలో ఒక్క మాట కూడా మరిచిపోలేదని మొదలుపెట్టగానే తెలిసింది. తాబేలు సముద్రం అడుక్కి వెళ్లి తాతను వీపు మీద ఎక్కించుకుందని చెప్పింది. దొర గట్టు మీది నుంచి పిలుస్తూనే ఉన్నాడని చెప్పింది. తాత ఒడ్డుకొచ్చి కూలబడ్డాడు. పంచె పిండుకున్నాడు. దగ్గు తగ్గేదాకా ఆగి, చుట్టూ చూశాడు.

"చూసి, ఏమన్నాడంటే," అని ఒక్క క్షణం ఆగింది గంగారత్నం. "బందరు అవతల నాగులని ఒక పిల్లోడున్నాడు, వాడు గంజి తాగాడా అనడిగాడు."

"తాగాను తాతా," అన్నాడు నాగులు, కర్టెన్ అవతలి నుంచి.